దొరసాని తిన్న గారె

ఆ శనివారం పొద్దున జ్ఞానయ్య మాస్టారు వేసుకున్న పథకంలో ఎలుక లేదు. తొమ్మిదింటికి ఇల్లు కడగడం, పదింటికి వసారా గోడకు సున్నం వేయడం, పన్నెండింటికి కరుణమ్మ గారెలకు పప్పు రుబ్బడం, రెండింటికి తాను చర్చి నుంచి రెండు కుర్చీలు మోసుకురావడం, నాలుగింటికి దొరసానమ్మ రావడం, ఆమె గారెలు తిని, టీ తాగి, నాలుగున్నరకు జ్ఞానయ్య బదిలీ రద్దు చేయడం. వరస ఇదీ. అందులో ఎక్కడా సందు లేకుండా చూసుకున్నాడు. ఎలుకకు ఏపాటి సందు కావాలి?

జ్ఞానయ్య నరసరావుపేట మిషను బడిలో మూడో తరగతి చెబుతాడు. కృష్ణ మీద ఆనకట్ట పని మొదలై రెండేళ్ళయింది. అక్కడ రాళ్ళు మోసే కూలీల పిల్లల కోసం మిషను వాళ్ళు మాచర్ల అవతల కొత్త బడి పెడుతున్నారు. పది రోజుల కిందట జ్ఞానయ్యకు కాగితం వచ్చింది, వచ్చే నెల నుంచి నువ్వక్కడ అని. మాచర్ల ఎండకు, డైనమైటు మోతకు అతను భయపడలేదు. భార్య కరుణమ్మ ఆడపిల్లల బడిలో టీచరు. ఆమె లేకపోతే ఆ బడి నడవదని దొరసానమ్మే అంటుంది కనుక ఆమెను కదలనివ్వరు. పెళ్ళయిన పన్నెండేళ్ళలో జ్ఞానయ్య భార్య చేతి అన్నం తినని రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. పిల్లలు లేరు. ఒకరికొకరు ఉన్నారు, మూడు పిల్లులు ఉన్నాయి. ఈ వయసులో చెరో ఊళ్ళో చెరో పొయ్యి వెలిగించుకోవడమన్న ఊహకే అతనికి పది రోజులుగా నిద్ర పట్టడం లేదు.

అర్జీ పెట్టుకున్నాడు. దొరసానమ్మ చదివి, "శనివారము నాలుగు గంటలకు మీ ఇంటికి టీకి వచ్చెదను. చూచి చెప్పెదను" అంది. ఆ 'చూచి' అన్న మాటే అతని గుండెల్లో పడింది. దొరసానమ్మ చూసేది శుభ్రత. బంగళాలో ఉంటూ ఇరవై రెండేళ్ళుగా మిషను బళ్ళన్నిటికీ ఆమే మేనేజరు. అసలు పేరు పలకబోతే పేటలో ఎవరికీ నోరు తిరగదు. నీళ్ళకుండలో బొద్దింక కనబడిన పాపానికి జయరాజు మాస్టారిని క్రోసూరు తోలిందని చెప్పుకుంటారు. బొద్దింకకే క్రోసూరైతే ఎలుకకు ఎంత దూరమో ఊహించుకోవచ్చు.

ఎలుక ఏడున్నరకు కనబడింది.

"ఏమండీ! ఎలక!" అని కరుణమ్మ వంటింట్లోంచి కేక పెట్టింది. "పప్పు డబ్బా మూత తీస్తే మొహాన దూకింది. బీరువా కిందకు పోయింది!"

"ఎంతుందే?"

"మన పిల్లికి తమ్ముడల్లే ఉన్నది. పిల్లుల్ని పిలవండి!"

జ్ఞానయ్య పిల్లుల్ని పిలిచాడు. అందులో పెద్ద గండుపిల్లి పేరు మునసబు. బూడిదరంగుది గుమాస్తా. ఇక మూడోది, తెల్లటి ఒళ్ళు, నీలి కళ్ళు, ఎవరినీ లెక్కచేయని నడక. మూడేళ్ళ కిందట అది గుమ్మంలో అడుగు పెట్టిన రోజునే జ్ఞానయ్య నోటి నుంచి 'దొరసాని' అన్న పేరు దానంతటదే వచ్చింది. పేరు ఎంత చక్కగా కుదిరిందంటే, దాన్ని నాలుగు గోడలు దాటనిస్తే ఉద్యోగం ఊడుతుందని మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఆ రోజే తెలిసిపోయింది. అందుకని వీధిలో అది 'తెల్లది'. ఇంట్లోనే దొరసాని. ఈ సంగతి మూడో మనిషికి తెలియదు.

మునసబు ఒక కన్ను తెరిచి, ఆ ఎలుక తన హద్దులోది కాదన్నట్టు మళ్ళీ మూసింది. గుమాస్తా బీరువా దాకా వెళ్ళి, వాసన చూసి, వచ్చిన పని అయిపోయినట్టు వెనక్కు వచ్చేసింది. దొరసాని కిటికీలోంచి దిగనే లేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఆ ఇంట్లో పిల్లులకూ చెలగాటమే, ఎలుకకూ చెలగాటమే. ప్రాణసంకటం జ్ఞానయ్య ఒక్కడిది.

తొమ్మిదింటికి కడగాల్సిన ఇల్లు పది దాకా కడగలేదు. జ్ఞానయ్య చీపురు తిరగేసి బీరువా కింద పొడిచాడు. ఎలుక మంచం కిందకు పోయింది. మంచం జరిపితే బియ్యం బస్తా వెనక్కు, బస్తా జరిపితే మళ్ళీ బీరువా కిందకు. వసారాకు తెచ్చిన సున్నం బక్కెట్టు ఈ పరుగుల్లో వంటింటి గడప మీద ఒలికింది. గోడలు ఎప్పటిలా ఉన్నాయి, గడప మాత్రం ధగధగలాడింది.

"ఇంక చాలు, ఆగండి," అంది కరుణమ్మ. "మీరు ఎలకను పట్టేలోపు ఇల్లు కూలేట్టున్నది."

"నాలుగింటికి ఆ ఎలక ఆమె కాళ్ళ మీద నుంచి పోయిందనుకో, నా బతుకు మాచర్ల పాలే!"

ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నవాడి సామెత పిల్లలకు చెప్పేవాడే కానీ, పదకొండింటికి జ్ఞానయ్య కోటిలింగం కొట్టు ముందు నిలబడి ఉన్నాడు. కోటిలింగం పచారీ కొట్టు వీధి మొగలో ఉంది. నుదుట పొడుగాటి బొట్టు పెట్టుకుని దేవుడి పటానికి దండ వేస్తున్నాడు.

"శెట్టిగారూ, ఎలకల మందు ఉన్నదా? ఘాటైంది ఇయ్యండి."

కోటిలింగం దండ అట్టే పట్టుకుని వెనక్కు తిరిగాడు. "ఇయ్యాళేనా మాస్టారూ? రేపు తీసుకుపోతే?"

"రేపటికి నేనుంటానో లేదో! ఇయ్యాళే కావాలి. మధ్యాన్నం లోపల పని అయిపోవాలి."

ఆ మొహం చూసి కోటిలింగం దండ పటానికి తగిలించాడు. లోపలికి వెళ్ళి, చాలాసేపు ఏదో సర్ది, చిన్న పొట్లం కట్టి తెచ్చి చేతిలో పెట్టాడు.

ఈ సంగతి కరుణమ్మకు చెప్పి ఉంటే కథ ఇక్కడితో ఆగేది. పిల్లులున్న ఇంట్లో మందు పెట్టనివ్వదని తెలుసు కనుక చెప్పలేదు. ఒంటిగంటన్నరకు ఆమె మొదటి వాయి గారెలు తీస్తుండగా ఒకటి తీసుకుని, "రుచి చూస్తా" అని దొడ్లోకి పోయి, గారెను చీల్చి, మధ్యలో పొడి పోసి, మళ్ళీ మూసి, బియ్యం బస్తా వెనక పెట్టాడు. ముందుచూపున్న మనిషి కనుక మూడు పిల్లుల్నీ పట్టుకుపోయి కట్టెల పాకలో పెట్టి తలుపు గొళ్ళెం వేశాడు. తరువాత కుర్చీల కోసం చర్చికి వెళ్ళాడు.

కరుణమ్మకు పాకలోంచి అరుపులు వినబడ్డాయి. "ఎలక ఇంట్లో ఉంటే పిల్లుల్ని పాకలో పెట్టాడు, ఏం మనిషో!" అనుకుని గొళ్ళెం తీసింది. న్యాయంగా ఆలోచిస్తే ఆమె తప్పేమీ లేదు.

రెండు కుర్చీలు నెత్తి మీద పెట్టుకుని జ్ఞానయ్య తిరిగొచ్చేసరికి రెండున్నర దాటింది. బస్తా పక్కన సగం కొరికిన గారె పడి ఉంది. దాని పక్కన దొరసాని తల వేలాడేసి కూర్చుంది. నోటి వెంట తెల్లగా నురగ కారుతోంది.

కుర్చీలు జారి ఎక్కడ పడ్డాయో అతనికి తెలియదు.

"కరుణా! దొరసాని గారె తినింది!"

"తింటే తిననియ్యండి, ఇంకా ముప్పై ఉన్నయ్."

"అందులో ఎలకల మందు పెట్టానే!"

కరుణమ్మ చేతిలో చిల్లుల గరిటె అట్టే ఆగిపోయింది. "ఎంత పని చేశారండీ!" అంది. ఇక ఆ తరువాత అన్న మాటలు ఇక్కడ అవసరం లేదు. ఆమె ఏడుస్తూ పిల్లిని ఒళ్ళోకి తీసుకుంది. అది ఆమె చీర మీద నురగ కక్కుతూ, నీలి కళ్ళతో ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.  జ్ఞానయ్య చొక్కా గుండీలు పెట్టుకోకుండానే మిషను ఆస్పత్రి వైపు పరుగెత్తాడు.

ఆస్పత్రిలో ఆ వేళ డాక్టరమ్మ లేదు, వినుకొండ కాంపుకు వెళ్ళింది. కాంపౌండరు అబ్రహాము మాత్రం సీసాలు కడుక్కుంటున్నాడు. గుమ్మం దగ్గర ఆయా గ్రేసమ్మ కూర్చుని దూది చుడుతోంది. చర్చి గంట కొట్టేది కూడా ఈ గ్రేసమ్మే.

"అబ్రహామూ! దొరసాని ఎలకల మందు తినింది! నోట్లోంచి నురగొస్తున్నది!"

అబ్రహాము చేతిలోని సీసా కింద పడి పగిలింది. "దొరసానే? ఎక్కడ?"

"మా ఇంట్లోనే! గారెలో ఉన్నది మందు. సగం గారె తినేసింది."

"నాలుగింటికి గదా మీ ఇంటికి రావాల్సింది? ఊరంతా తెలుసు."

జ్ఞానయ్య ఆ నాలుగింటి సంగతి వినే స్థితిలో లేడు. "దానికి టైమేంది? వాసన తగిలితే చాలు, వంటింట్లో ఉంటది."

'దానికి' అన్న మాట అబ్రహాముకు చెవిలో ముల్లులా గుచ్చుకుంది. కానీ మనిషి కంగారులో ఉంటే గారూ, బూరూ గుర్తుంటాయా అని సరిపెట్టుకున్నాడు. అసలు తప్పు తెలుగు భాషది. తినింది, కక్కింది, పడిపోయింది. ఆడమనిషికైనా అవే మాటలు, పిల్లికైనా అవే మాటలు. మన వ్యాకరణం జ్ఞానయ్యకు ఆ వేళ చేసిన ద్రోహం పగవాడు కూడా చేయడు.

"నువ్వు పరుగెత్తు మాస్టారూ. ఉప్పునీళ్ళు తాగించి కక్కించు. నోరు తెరవకపోతే గట్టిగా పట్టుకొని పొయ్యి. నేను రబ్బరు గొట్టం, బక్కెట్టు తీసుకొని నీ ఎనకే వస్తా."

గొట్టం తాళంపెట్టిన బీరువాలో ఉంది. తాళంచెవి డాక్టరమ్మతో వినుకొండ పోయింది. అబ్రహాము బీరువా పగలగొట్టే పనిలో పడగా, గ్రేసమ్మ దూది అక్కడే పారేసి చర్చి వైపు పరుగు తీసింది. ప్రార్థన కూటానికైతే గంట గబగబా కొట్టాలి, పోయినవాళ్ళకైతే ఆగి ఆగి కొట్టాలి. దొరసానమ్మ ఉందో పోయిందో తెలియదు. అందుకని గ్రేసమ్మ కాసేపు అది, కాసేపు ఇది కొట్టింది. పేటలో ఆ మోత విని బయటకు రాని క్రైస్తవుడు లేడు. బయటకు వచ్చిన ప్రతివాడికీ గ్రేసమ్మ చెప్పింది.

జ్ఞానయ్య ఇంట్లో అప్పటికి తలుపులన్నీ మూసేశారు, పిల్లి ఎక్కడ తప్పించుకుపోతుందోనని. జనం వచ్చి వసారాలో నిలబడేసరికి లోపల నుంచి మాటలు వినబడుతున్నాయి.

"కాళ్ళు పట్టుకోవే! రక్కుతున్నది!"

"నోరు తెరువు దొరసానీ, నా తల్లివి గదూ!"

"తువ్వాల చుట్టండి! గోళ్ళు దిగినయ్ నాకు!"

"ముక్కు మూస్తే నోరు అదే తెరుస్తది. పొయ్యి, పొయ్యి!"

తరువాత ఎవరో కక్కుతున్న శబ్దం. వసారాలో ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. "అంత పెద్దమనిషికి ఎంత అవస్థ వచ్చిందమ్మా!" అని ఒకామె ఏడుపు అందుకుంది. లోపలికి పోదామని ఒకరిద్దరు అడుగు వేశారు కానీ, దొరసానమ్మ ఆ స్థితిలో ఉండగా చూడడం మర్యాద కాదని పెద్దవాళ్ళు ఆపేశారు.

ఇంతలో తలుపు సందులోంచి జ్ఞానయ్య బయటకు వచ్చాడు. చేతుల నిండా రక్కులు, చొక్కా నిండా ఉప్పునీళ్ళు, కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. వసారాలో అరవై మంది. అతను తెల్లబోయాడు.

"అన్నయ్యా, ఎట్టా ఉన్నది దొరసాని?" అంది గ్రేసమ్మ.

"కక్కింది. కళ్ళు మూసుకొని పడుకున్నది. ఇంక ఆ ప్రభువు దయ." జ్ఞానయ్య చుట్టూ చూశాడు. "మీరంతా దొరసాని కోసమే వచ్చారా?"

"మరి ఎవరి కోసం అన్నయ్యా!"

అతని మనసు కరిగిపోయింది. ఒక పిల్లి కోసం పేట పేటంతా కదిలి వచ్చింది! ఇంత మంచి మనుషుల మధ్య పద్నాలుగేళ్ళు బతికి కూడా వీళ్ళను తెలుసుకోలేకపోయానే అనుకున్నాడు. ఆ పిల్లి పేరు వీళ్ళకెలా తెలుసన్న ప్రశ్న రావలసిన మాటే. దుఃఖంలో ఉన్నవాడికి రావలసినవన్నీ రావు.

"పాస్టరుగారు గుంటూరు పోయాడు. నువ్వే ప్రార్థన చెయ్యి," అన్నారు ఎవరో. అందరూ మోకాళ్ళ మీద కూర్చున్నారు. జ్ఞానయ్య కళ్ళు మూసుకున్నాడు.

"ప్రభువా, ఎక్కడో పుట్టింది. ఏ దారిన వచ్చిందో మాకు తెలియదు. వచ్చిన రోజు నుంచి మమ్మల్ని సొంత మనుషులనుకున్నది."

"ఆమేన్," అన్నారు జనం. "సముద్రాలు దాటొచ్చింది," అని గ్రేసమ్మ కలిపింది.

"చూపు చూసి గర్వమనుకునేవాళ్ళు ఉంటారు. అది గర్వం గాదు ప్రభువా. పుట్టుకతో వచ్చిన తీరు. లోపల వెన్నలాంటి మనసు."

"ఆమేన్."

"మా నోటికాడి పాలు లాక్కున్న మాట నిజమే. ఆ కోపంలో నేను చెప్పుతో కొడతానన్న మాట గూడా నిజమే. నన్ను క్షమించు."

పోయిన నెలలో దొరసానమ్మ బడిపిల్లలకిచ్చే పాలపొడి సగానికి తగ్గించింది. జనంలో కొందరు కళ్ళు తెరిచి ఒకరినొకరు చూసుకున్నారు. ఆ మాట అన్నది జ్ఞానయ్య ఒక్కడే కాదు. అందరి తరఫునా ఒప్పుకుంటున్నాడనుకుని ఈసారి ఆమేన్ ఇంకా గట్టిగా అన్నారు.

"చెప్పాపెట్టకుండా రెండేసి రోజులు ఎటో పోయేది. ఏ ఊళ్ళు తిరిగిందో, ఏ ఎండన పడిందోనని, తిరిగొచ్చేదాకా నాకు ముద్ద దిగేది గాదు." ఇక్కడ అతను చొక్కా కొసతో ముక్కు తుడుచుకున్నాడు. "మాకు పిల్లల్లేరు ప్రభువా. నీకు తెలుసు. దొరసానిని తీసుకుపోవద్దు. దొరసాని లేని ఇంట్లో నేనుండలేను. దొరసాని ఎక్కడుంటే నన్నూ అక్కడే ఉంచు!"

"ఆమేన్!" అంది అరవై మంది గొంతు. ఒక క్షణం ఆలస్యంగా, గేటు దగ్గర నుంచి, "ఆమెన్" అని ఇంకో గొంతు, దీర్ఘం లేకుండా వినబడింది.

జ్ఞానయ్య కళ్ళు తెరిచాడు. గేటు దగ్గర నల్ల గొడుగుతో, టోపీతో, భుజాన సంచితో దొరసానమ్మ నిలబడి ఉంది. ఆమె ఎంతసేపటి నుంచి అక్కడుందో ఎవరూ చూడలేదు. కళ్ళు తుడుచుకుంటోంది.

గ్రేసమ్మ కెవ్వుమని వెనక్కు విరుచుకు పడిపోయింది. "లేచింది! స్తోత్రం!" అని ఎవరో అరిచారు. అప్పుడే గొట్టం, బక్కెట్టు పట్టుకుని రొప్పుతూ వచ్చిన అబ్రహాము నేరుగా దొరసానమ్మ దగ్గరకు వెళ్ళి, నాడి చూశాడు.

"అబ్రహాము, ఏల నా చెయ్యి పట్టుకొంటివి?"

"అమ్మగారూ, మీరు మందు పెట్టిన గారె తిన్నారని..."

"నేను ఇంకను గారెలు తినలేదు. వాటి కొరకే వచ్చితిని."

అందరి చూపులూ జ్ఞానయ్య మీదకు తిరిగాయి. అతనికి అప్పుడు అంతా ఒక్కసారిగా అర్థమైంది. అరవై మంది ఎందుకొచ్చారో, గంట ఎందుకు మోగిందో, తాను చెప్పు సంగతి ఎవరి ముందు ఒప్పుకున్నాడో.  మాచర్ల సంగతి అలా ఉంచి, ఇక ఏ బడిలోనైనా తనకు చోటు ఉంటుందా అన్నది అప్పటి భయం.

ఈలోపు జనాన్ని తోసుకుంటూ కోటిలింగం వచ్చి పడ్డాడు. మందు ఎక్కడిదని వీధిలో ఎవరో అడిగారట. 

"అమ్మగారూ, నాకేం తెలియదు! నేనిచ్చింది మందే గాదు! ఏకాదశి, అందులోనూ శనివారం. ప్రాణం తీసే సరుకు ఇయ్యాళ నా చేత్తో అమ్మను. మాస్టారి మొహం చూసి లేదనలేక ఎండిన వేపాకు పొడి పొట్లం కట్టా. దాంతో ఎలక గాదు గదా, దోమ గూడా చావదు!"

వేపాకు చేదుకే నురగ వచ్చిందన్నమాట! జ్ఞానయ్యకు భయం సంగతి మరుపున పడింది. మెట్టు మీద కూలబడి, "బతుకుతుంది! దొరసాని బతుకుతుంది!" అని చిన్నపిల్లాడిలా ఏడుస్తూ నవ్వాడు. దొరసానమ్మ మళ్ళీ కళ్ళు తుడుచుకుంది.

బయట గోల ఏమిటోనని కరుణమ్మ అప్పుడు తలుపు తీసింది. తీయడమే ఆలస్యం, పొద్దుటి నుంచి చిక్కని ఎలుక సున్నపు గడప మీద నుంచి దూకి జనం కాళ్ళ మధ్యన పడింది. అరవై మందీ ఎగిరి గంతులేశారు. ఎలుక సరిగ్గా దొరసానమ్మ బూట్ల మీదకే పోయింది. జ్ఞానయ్య కళ్ళు మూసుకున్నాడు. టక్కున ఒక్క చప్పుడు వినబడింది. చూస్తే, ఎలుక గొడుగు మొన కింద ఉంది.

"మా తండ్రిగారి పొలములో దినమునకు పది చంపుచుంటిని," అంది దొరసానమ్మ. తరువాత లోపలికి వచ్చి, కుర్చీ లేపుకుని, తానే తుడుచుకుని కూర్చుంది. "గారెలు తెండి."

నాలుగు తింది. వసారాలో జనం కదల్లేదు, ఆమె నమిలిన ప్రతి ముద్దా చూశారు. టీ తాగి, కప్పు కింద పెట్టి, సంచిలోంచి ఒక కాగితం తీసింది.

"జ్ఞానయ్యగారూ, మీ బదిలీ రద్దు చేయు కాగితము ఇది. ఉదయముననే సంతకము చేసితిని. ఇల్లు చూచుటకు కాదు, ఇది ఇచ్చుటకు వచ్చితిని."

జ్ఞానయ్య చెయ్యి చాచబోయాడు.

"కాని వచ్చే నెల నేనును మాచర్ల వెళ్ళుచున్నాను. కొత్త బడి నేనే నడుపవలెను. నేను ఒంటరిదానను. నేను చనిపోయిన ఈ దేశములో ఎవరు ఏడ్చెదరు అని అనుకొంటిని. నేడు చూచితిని." ఆమె టోపీ సర్దుకుంది. "నేను ఎక్కడ ఉండిన అక్కడనే ఉంచుము అని మీరు దేవుని అడిగితిరి. దేవుడు వినును. నేనును వినవలెను గదా." కాగితాన్ని నాలుగు ముక్కలుగా చింపి సంచిలో వేసుకుంది.

నిజం జ్ఞానయ్య నాలుక చివర దాకా వచ్చింది. ఒక్క మాట చెబితే చాలు. కానీ ఆ ఒక్క మాట చెప్పాలంటే, అమ్మా, నీ కోసం ఎవరూ ఏడవలేదు, అని ఆమె మొహాన చెప్పాలి. పద్నాలుగేళ్ళలో ఆమె కళ్ళు తడవడం అతను చూడలేదు. ఇప్పుడు ముక్కు కూడా ఎర్రబడి, సంచి గట్టిగా పట్టుకుని, తల్లి మెచ్చుకున్న ఆడపిల్లలా కూర్చుని ఉంది. రెండు మాచర్లలకు తోలినా ఆ మాట అతను అనలేకపోయాడు.

కరుణమ్మ అనగలిగింది. మొగుడు పోయేది ఆమెకు గదా!

"అమ్మగారూ, తప్పుగా అనుకోమాకండి. ఆయన ఏడ్చింది మీ కోసం గాదు. పిల్లి కోసం!"

లోపల కక్కింది ఎవరో వసారాలో జనానికి అప్పటికి గానీ అర్థం కాలేదు. దొరసానమ్మకు తెలుగులో అన్నీ వచ్చు కానీ పిల్లికీ పిల్లలకూ తేడా మాత్రం ఇరవై రెండేళ్ళలో పట్టుబడలేదు. బడికి వచ్చినప్పుడల్లా, "నేడు ఎన్ని పిల్లులు వచ్చినవి?" అని అడుగుతుంది. ఆమె లేచి నిలబడి, కరుణమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

"పిల్లల కొరకా! ఆ ఆనకట్ట కూలివారి పిల్లల కొరకు ఏడ్చినారా!"

"పిల్లలు గాదమ్మగారూ, పిల్లి! పిల్లి!"

"అవును, అవును! అక్కడ రెండు వందల పిల్లి ఉన్నవి! ఒక్కరికిని చదువు లేదు!"

"ఆమేన్!" అన్నారు జనం.

నెల తిరిగేసరికి మిషను జీపు వచ్చి ఇంటి ముందు ఆగింది. కరుణమ్మ పచ్చడి జాడీ, అన్నం గిన్నె సర్ది పెట్టి, "నీళ్ళు తక్కువ పొయ్యమాకండి, అడుగంటుద్ది. సెలవలకు వస్తా," అంది.  తెల్ల పిల్లి ఆమె చంకలో పడుకుని అతని వంక చూడనైనా చూడలేదు. జ్ఞానయ్య ఏ దొరసాని లేకుండా ఉండలేనన్నాడో ఆ దొరసాని పేటలో ఉండిపోయింది. రెండో దొరసాని జీపు ముందు సీట్లో గొడుగు పట్టుకుని కూర్చుంది.

సాగనంపడానికి వచ్చినవాళ్ళలో గ్రేసమ్మ జీపు దగ్గరకు వచ్చి, "అడిగింది అడిగినట్టు దేవుడు ఇంత తొందరగా ఎవరికీ ఇయ్యలేదన్నయ్యా," అంది.

ఆ తరువాత జ్ఞానయ్య మాస్టారు ఏ ప్రార్థన చేసినా, కళ్ళు తెరుచుకునే చేసేవాడు.